కోరుట్ల రోడ్డు మీద పోయిన బెల్టు

ప్రయాణం పెట్టుకుంటే నలుగురూ కాశీకి పోతారు, లేదంటే కొండగట్టుకు పోతారు. నేను నడుముకు ప్రపంచ ఛాంపియన్ బెల్టు కట్టుకుని సిరిసిల్లకు పోయాను. అదీ బస్సులన్నీ డిపోల్లో నిద్రపోతున్న సమ్మె రోజుల్లో. తెలంగాణ వచ్చేదాకా చక్రం తిరగదని ఊరంతా ఒట్టు పెట్టుకున్న సమయంలో, నేనొక్కడినే నా స్నేహితుడికి బెల్టు కట్టాలని ఒట్టు పెట్టుకున్నాను.

బెల్టు సంగతి ముందు చెప్పాలి. మాది బొగ్గుగనుల గోదావరిఖని. ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ ఒకేసారి ఓపిక అయిపోయింది. అప్పటి నుంచి కేబుల్ టీవీ వైర్లు లాగే పని. ఇంటింటి మిద్దె ఎక్కి పగలంతా ఊరికి సీరియళ్లు పంచేవాళ్లం. మాకు మాత్రం ఒక్కటే పిచ్చి, టీవీలో వచ్చే విదేశీ కుస్తీ. ఆ మల్లుల అసలు పేర్లు మాకు నోరు తిరగవు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. కొమ్ముల టోపీ పెట్టుకుని వచ్చేవాడు బర్రెకొమ్ములు. ఒళ్లంతా నూనె రాసుకుని ఎవరి చేతికీ చిక్కనివాడు సబ్బుబిళ్ల. గళ్ల చొక్కా వేసుకుని వచ్చి, ప్రతి వారం తన్నులు తిని, చొక్కా దులుపుకుని పోయేవాడు మేస్త్రి.

నేను బర్రెకొమ్ముల పార్టీ. నాతో వైర్లు లాగిన రాజేశం మేస్త్రి పార్టీ. ఇద్దరం కలిసి సీటు కవర్ల రెగ్జిన్ మీద ఇత్తడి పళ్లెం ముక్క కుట్టించి బెల్టు చేశాం. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాడితో ‘ప్రపంచ ఛాంపియన్, గోదావరిఖని’ అని చెక్కించాం. పెద్ద టైటిల్ పోటీ వచ్చినప్పుడల్లా ఎవరి మనిషి గెలిస్తే వాడికి బెల్టు. ఓడినవాడు స్వయంగా తెచ్చి గెలిచినవాడి నడుముకు కట్టాలి. పార్సిల్‌లో పంపితే చెల్లదు.

ఏడేళ్లు బెల్టు నా ఇంట్లోనే ఉంది. మేస్త్రి గెలిస్తే గదా! మధ్యలో రాజేశం సొంతూరు సిరిసిల్లకు పోయి మరమగ్గాల మీద పనికి కుదిరాడు. అయినా పోటీ ఆగలేదు, ఫోన్లో నడిచింది. ఈసారి బర్రెకొమ్ములు తన కొమ్ములు తానే తాడుకు తగిలించుకుని ఇరుక్కున్నాడు. మేస్త్రి పోయి అతని మీద పడుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

“సదిగా, తెస్తవారా బెల్టు? ఆదివారం పొద్దుగాల నేను దుబాయి పోతున్న. ఒక్కసారన్న కట్టుకుని పోతరా.”

ఫోన్ వచ్చింది గురువారం. బస్సుల్లేవు. ఇదీ నా ప్రయాణం.

గొల్లపల్లి మీదుగా జగిత్యాల

శుక్రవారం పొద్దున పాల వ్యాను మీద కొంత, ట్రాక్టర్ మీద కొంత, ఒక పెళ్లిళ్ల బ్రోకరు స్కూటరు మీద కొంత. బెల్టు చొక్కా కింద కట్టుకున్నాను. చేతిలో పట్టుకుంటే ప్రతి ఒక్కడూ అడుగుతాడు. కట్టుకుంటే బొజ్జ అనుకుంటారు.

గొల్లపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. రాళ్ల వెనక కుర్చీలు, కుర్చీల్లో పెద్దమనుషులు, వాళ్ల ముందు క్యారం బోర్డు. మా ఖనిలో బంద్ అంటే సైరను మోగదు, అంతే. ఇక్కడ బంద్ అంటే పండుగే. స్కూటరు ఆపి, “ఎటు వోతున్నరు?” అని అడిగారు.

“సిరిసిల్లకు. దోస్తుకు ఛాంపియన్ బెల్టు ఇచ్చెటందుకు” అన్నాను, నిజమే చెప్పి చూద్దామని.

“నిజం చెప్తె ఇడుస్తంగదనే, గట్ల పరాచికాలెందుకు?” అన్నాడు ఒకాయన. “అత్తగారింటికి పోతున్న” అన్నాను. వెంటనే రాయి జరిపారు. అబద్ధానికి ఉన్న దారి నిజానికి లేదని మొదటి రోజే తెలిసింది.

జగిత్యాలలో టవర్ దగ్గర ఒక చాయ్ హోటల్. చాయ్ నాలుగు రూపాయలు. మా దగ్గర గ్లాసు నిండా పోస్తారు, ఇక్కడ సగమే పోస్తారు కానీ, మీద మీగడ వేస్తారు. తూకం వేస్తే ఎవరికీ నష్టం లేదు. పక్కనే పొయ్యి మీద గిన్నెకు అంటించిన సర్వపిండి, ముక్క ఐదు రూపాయలు. నువ్వులు మాడిన వాసనకు నేను మూడు ముక్కలు తిన్నాను. నాలుగోది తినకుండా ఆపింది బెల్టే, పొట్టకు గుచ్చుకుంది.

హోటల్ గల్లా దగ్గర తెల్ల గడ్డం చాచా. గోడ మీద టీవీ. అందులో అదృష్టం కొద్దీ పాత కుస్తీయే వస్తోంది. నేను ఉండబట్టలేక, ఇప్పుడు సబ్బుబిళ్ల కుర్చీ తెస్తాడని ముందే చెప్పాను. తెచ్చాడు.

చాచా నవ్వాడు. “దేఖో, నువ్వే ముందుగాల చెప్తున్నవ్. అంటె అంత ఝూట్. ముందే మాట్లాడుకుని కొట్టుకుంటరు.”

“చాచా, నీ చాయ్ ఎట్లుంటదో నాకు ముందే ఎరుక. అయినా తాగుతలేనా?”

“చాయ్ పేట్ లోకి పోతది బేటా. గా దెబ్బ ఏడికి పోతది?”

ఏడేళ్లుగా రాజేశంతో నేను చేసిన తగవూ ఇదే, కాకపోతే అక్కడ నేను చాచా పక్షం. ‘అరె, అది ఉత్త నాటకంరా, మేస్త్రికి పైసలిచ్చి పడమంటరు’ అని ఎగతాళి చేసేవాణ్ని. వాడు మాత్రం, ‘పడితె దెబ్బ తాకదా? గది నాటకమా?’ అనేవాడు.

జగిత్యాల నుంచి సిరిసిల్లకు నేరుగా పోయే రోడ్డు నాలుగు చోట్ల మూసేశారు. చాచాయే ఉపాయం చెప్పాడు: “కోరుట్ల పో. ఆడ బొమ్మలు చేసెటోళ్లున్నరు. దుర్గమ్మ బండ్లు అన్ని ఊర్లకు పోతయి. మనిషి బండిని ఆపుతరు గని దేవుని బండిని ఎవ్వలు ఆపరు.” చాయ్ పైసలు తీసుకున్నాడు, సలహాకు తీసుకోలేదు. ఆ రాత్రి ఆయన హోటల్ బల్ల మీదే పడుకున్నాను.

కోరుట్ల: టెంకాయతో వచ్చిన తంటా

శనివారం మధ్యాహ్నానికి కోరుట్ల చేరాను. వంటావార్పు నడుస్తోంది. పెద్ద రోడ్డు నడిమధ్యలో మూడు రాళ్ల పొయ్యిలు, గంజుల్లో పప్పుచారు, వంకాయ కూర. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీదే వరసగా కూర్చున్నారు. చేతులు ఆకు చుడుతుంటే నోళ్లు నినాదాలు ఇస్తున్నాయి. ఒక్క చేయి తప్పడం లేదు, ఒక్క నినాదం తప్పడం లేదు. మా ఖనిలో యూనియన్ లీడర్లు కూడా ఒకసారికి ఒక పనే చేస్తారు.

నన్ను ఎవరని అడగలేదు. విస్తరి వేశారు. “తిను తమ్మీ, బంద్‌ల ఆకలికి బంద్ లేదు” అంది వడ్డించే అక్క. మూడుసార్లు పప్పుచారు పోయించుకున్నాను. మూడోసారికి ఇత్తడి బిళ్ల పొట్టలో దిగింది. ఇక లాభం లేదని బెల్టు విప్పి చొక్కా పైనుంచి కట్టుకున్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

కాసేపటికి ట్రాలీ నిండా ఎర్రమన్ను తెచ్చి అదే రోడ్డు మీద పోశారు. డప్పులు మొదలయ్యాయి. వంట రోడ్డు మీదే, బతుకమ్మ రోడ్డు మీదే, ఇప్పుడు కుస్తీ కూడా రోడ్డు మీదేనట. టీవీలో తప్ప నేను కుస్తీ చూసింది లేదు. సంబరంగా ముందు వరసలోకి తోసుకుంటూ పోయి, బాగా కనిపించాలని మన్ను అంచు మీద నిలబడ్డాను.

ఒక పెద్దాయన పళ్లెంలో టెంకాయ పెట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాడు. ఒక్కొక్కరి ముందు ఆగుతున్నాడు. వాళ్లు నవ్వి చేతులు వెనక్కి పెట్టుకుంటున్నారు. నాకు విడ్డూరం అనిపించింది. మా దగ్గర టెంకాయ ఇస్తే ప్రసాదం, వద్దంటే దోషం. నా ముందుకు రాగానే రెండు చేతులా తీసుకుని, కళ్లకద్దుకుని, సంచిలో వేసుకున్నాను.

డప్పులు ఒక్కసారి దద్దరిల్లాయి. ఈలలు. ఎవరో నా వీపు చరిచారు.

“శెబాష్! కళ్లకు గూడ అద్దుకుండు! మస్తు ధైర్నం!”

పక్కన బీడీల అక్కను అడిగాను, ఏమైందక్కా అని. ఆమె చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. “ఏమైంది అంటవేందే? మొదటి కుస్తీ టెంకాయ కుస్తీ. కాయ తీసుకున్నోడు పట్టాలె. అందుకే గద అందరు చేతులు దాసుకున్నరు.”

“నేను ప్రసాదం అనుకున్ననక్కా!”

“ప్రసాదమే. ఇగ పెడ్తరు.”

ఎదురుగా మన్నులోకి ఒకాయన దిగాడు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. చెవులు రెండూ నలిగి పోకచెక్కల్లా ఉన్నాయి. చేతులకు ఇంకా తెల్లటి సున్నం రంగు. ఊళ్లో దుర్గమ్మ బొమ్మలు చేసే నర్సయ్య పహిల్వాన్. ఆయన నన్ను చూడలేదు, నా నడుము చూశాడు.

“గెలుసుకున్న బెల్టేనా?”

“నాదే” అన్నాను. అప్పటికి ఆ బెల్టు నాది కూడా కాదు, రాజేశానిది. నా రెండో తప్పు ఇది. గెలిచిన కడెం చేతికి తొడుక్కుని గానీ, నడుముకు పట్టా కట్టుకుని గానీ మన్నులో దిగితే దాన్ని పందెం పెట్టినట్టేనట. విప్పి పక్కన పెడితే లేదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేను బెల్టు కింది నుంచి చొక్కా మాత్రమే లాగి విప్పాను.

కుస్తీ గురించి వర్ణించడానికి ఏమీ లేదు. టీవీలో మల్లులు ముందు తిట్టుకుంటారు, వేలు చూపిస్తారు, మధ్యలో ప్రకటనలు వస్తాయి. ఇక్కడ నర్సయ్య నా మెడ మీద చేయి వేశాడు. ఆ తర్వాత నేను చూసింది ఆకాశం. ఆకాశంలో ఒక కొంగ పోతోంది. అది రోడ్డు దాటకముందే కుస్తీ అయిపోయింది.

ఆయనే నన్ను లేపి, వీపు దులిపి, బెల్టు విప్పుకుని తన నడుముకు కట్టుకున్నాడు. ఇత్తడి బిళ్ల ఎండకు తళతళ మెరిసింది. నిజం చెప్పాలంటే ఆ బెల్టు ఏడేళ్లలో మొదటిసారి బెల్టులాగా కనిపించింది.

టెంకాయ గెలిచినవాడిదట, పోతే పోయింది, ఇజ్జత్ పోతే అది ఎన్నడూ ఎక్కువ లేదు. రాజేశానికి ఏం చెప్పాలి? బొమ్మల షెడ్డు దాకా నర్సయ్య వెనక నడుస్తూ కథంతా చెప్పాను. వినేవాడు గనుక పూర్తిగా విన్నాడు.

“పెద్దనాయినా, నాకు ఇయ్యకు. వానికి ఇయ్యి. వాడు ఏడేండ్లల ఒక్కసారి గెల్సిండు. రేపు దుబాయి పోయినంక మల్ల ఎన్నడొస్తడో.”

“గెల్సింది ఇయ్యరాదు తమ్మీ. ఇస్తె దానమైతది. దానం తీసుకుని దుబాయి పోతడా నీ దోస్తు?” కాసేపు దుర్గమ్మ ముక్కు గీకాడు. “రేపు తెల్లారి సిరిసిల్లకు గీ అమ్మను తోలుకపోతున్న. మన్నుల దిగుమను. గెలుసుకోమను.”

“వాడు బక్కోడు. నూలు కండె లెక్కుంటడు.”

“అయితె నీకంటె ఉషారుగనే ఉంటడు తీయ్.”

దుర్గమ్మ బండిలో

ఆదివారం తెల్లవారుతూనే ట్రాలీ కదిలింది. ముందు నర్సయ్య, డ్రైవరు. వెనక నేను, దుర్గమ్మ, సింహం, మహిషాసురుడు. రంగు తడి ఆరలేదు కాబట్టి మహిషాసురుడి కొమ్ము పడకుండా పట్టుకోవడం నా పని. బర్రెకొమ్ముల పార్టీ వాడికి తగిన పనే.

కథలాపూర్ దగ్గర ఆపారు, వేములవాడ దగ్గర ఆపారు. చాచా చెప్పినట్టే అమ్మను చూడగానే దండం పెట్టి దారి ఇచ్చారు. రెండుచోట్లా టెంకాయలు ఇవ్వబోయారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

వేములవాడలో చాయ్‌కి దిగినప్పుడు చివరి ప్రయత్నం చేశాను. “పెద్దనాయినా, జర వాని చేతిల పడరాదు? ఎవ్వలకు తెల్వది. టీవీల అందరు గట్లనే చేస్తరు.”

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “నలభై ఏండ్లాయె మన్నుల దిగవట్టి. శాన మంది చేతిల పడ్డ. ఒక్కసారి గూడ అవుతలోని మీద జాలితోని పడలె. జాలి పడుడంటె వాణ్ని తిట్టినట్టు.”

“మరి గీ మహిషాసురుడు? ప్రతి ఏడు పడుతడని ఊరందరికి ఎరుకే గద. అయినా తొమ్మిది దినాలు వచ్చి చూస్తలేరా?”

నర్సయ్య బొమ్మ వైపు చూశాడు. “వాని మొకం చూసినవా? నేను ఎన్నడు వాని మొకంల ఓడినట్టు చెయ్య. గెలుస్త అనుకుంటనే ఉంటడు. అందుకే చూస్తరు. వాడు ముందే ఒప్పుకున్నట్టుంటె అమ్మకేం గొప్ప?”

కొమ్ము పట్టుకుని కూర్చుని మిగతా దారంతా ఆ మొహమే చూశాను. నిజమే. ఛాంపియన్‌ను ఛాంపియన్ చేసేది బెల్టు కాదు, కింద పడేవాడు. మేస్త్రి ఏడేళ్లు ఒళ్లు హూనం చేసుకుని పడబట్టే కదా, మిగతా వాళ్లంతా మొనగాళ్లయ్యారు. నేను ఏడేళ్లు బెల్టు కట్టుకుని తిరిగానంటే అది బర్రెకొమ్ముల పుణ్యం కాదు, ప్రతిసారీ ఓడే మనిషి వైపు నిలబడ్డ రాజేశం పుణ్యం.

సిరిసిల్ల

సిరిసిల్లలో చెవులకు పని ఎక్కువ. వీధి వీధికీ మగ్గాల చప్పుడు. మా ఖనిలో భూమి కింద మోత, ఇక్కడ గోడల వెనక మోత. కానీ సగం షెడ్లు మూసి ఉన్నాయి. రాజేశం పనిచేసిన షెడ్డు వాటిలో ఒకటి. అందుకే దుబాయి.

వాడి ఇంటి ముందు తాళ్లతో కట్టిన అట్టపెట్టె, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు, ఊరు. చుట్టూ చుట్టాలు. అందరూ మొహాలు వేలాడేసుకుని గుసగుసగా మాట్లాడుతున్నారు. రాజేశం భార్య లావణ్య తలుపు దగ్గర కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది. కొత్త చొక్కాలో వాడు ఇంకా బక్కగా ఉన్నాడు. నన్ను చూడగానే ఎదురొచ్చి నా నడుము తడిమాడు.

“ఏదిరా?”

నేను నర్సయ్య వైపు చూపించాను. ఆయన లుంగీ మీద బెల్టు మెరుస్తోంది. జరిగింది చెప్పాను. టెంకాయ కళ్లకద్దుకున్నానని చెప్పేసరికి లావణ్య నోట్లోంచి కొంగు జారిపోయింది. ఆ ఇంట్లో పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వట.

రాజేశం నవ్వలేదు. “నా బెల్టు నువ్వు పందెం పెట్టినవ్?”

“తెల్వకరా.”

“ఎంతసేపు నిలవడ్డవ్?”

“ఒక కొంగ రోడ్డు దాటేంతసేపు గూడ కాదు.”

వాడు కొత్త చొక్కా విప్పి భార్య చేతికి ఇచ్చాడు. “జీపు వచ్చేదాక గంట ఉన్నది. దా పహిల్వాన్.”

దుర్గమ్మ మంటపం ముందు ఇసుక కుప్ప చదును చేశారు. పంచాయితీ నియమాల దగ్గర వచ్చింది. నర్సయ్య లెక్కన వీపు తాకితే అయిపోయినట్టే. టీవీ లెక్కన మూడు అంకెలు లెక్కపెట్టాలని నేను పట్టుబట్టాను. “ఈపు తాకినంక లెక్కలేంది, సంతనా?” అని విసుక్కున్నా చివరికి ఒప్పుకున్నాడు. లెక్కపెట్టే రిఫరీని నేనే. నా ఉపాయం నాకుంది. టీవీలో రిఫరీ సరిగ్గా మూడు అనే సమయానికి ఎటో చూస్తాడు, కంట్లో ఏదో పడుతుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్న చదువు అది, నాకున్న డిగ్రీ అదొక్కటే.

మొదటి పట్టుకు రాజేశం కింద పడ్డాడు, కానీ పక్కకు దొర్లి జారుకున్నాడు. రెండోసారి నర్సయ్య కాలు దొరకబుచ్చుకుని వేలాడాడు. మరమగ్గం మీద పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లు వాడివి, ఇసుకలో దిగబడ్డాయి. నర్సయ్య ఆయాసపడ్డాడు. “అరె, బక్కోడు గాదు గిది, జలగ!” అన్నాడు మెచ్చుకోలుగా. మంటపం చుట్టూ జనం. గుసగుసలు పోయి కేకలు మొదలయ్యాయి. లావణ్య చొక్కా ఊపుతూ, “కాలు ఇడువకు, కాలు ఇడువకు!” అని అరుస్తోంది.

మూడోసారి నర్సయ్య భుజం కింద దూరి ఎత్తి వేశాడు. రాజేశం వీపు ఇసుకలో కూరుకుపోయింది. మీద నర్సయ్య.

నేను బోర్లా పడుకుని ఇసుక చరిచాను. ఒకటి. రెండు. చేయి లేపి ఆపాను. “అబ్బా, కంట్ల ఇసుక!” అని కన్ను నలుపుకున్నాను. నలుపుకుంటూనే రాజేశానికి, దొర్లు అని సైగ చేశాను. నర్సయ్యకు నా ఎత్తు అర్థమైంది. పట్టు కొంచెం కూడా సడలించలేదు. నా వైపు చూసే చూపుతోనే నన్ను రెండోసారి ఓడించాడు.

కింద నుంచి రాజేశం గొంతు వినిపించింది. “సదిగా, నీ కంట్ల ఏం పడలె. ఏడేండ్లకు గెల్సింది ఒక్కసారి. దాన్ని గూడ దొంగ గెలుపు చెయ్యకు.” పక్కకు చేయి చాపి తనే ఇసుకను గట్టిగా చరిచాడు. “మూడు!”

నేను కంటి మీద నుంచి చేయి తీసేశాను.

నర్సయ్య లేచాడు, వాణ్ని లేపాడు. వాడి ఛాతీ మీద ఇసుక తుడిచాడు. ఆయన చేయి మెల్లగా తన నడుము దగ్గరికి, బెల్టు ముడి దగ్గరికి పోయింది. దానం మాట ఆయనే మరిచిపోయినట్టున్నాడు. రాజేశం ఆ చేయి పట్టుకున్నాడు.

“ఇప్పకు పహిల్వాన్. రెండేండ్లకు వస్త. గప్పటిదాక నువ్వే కట్టుకో. కాలు పట్టు నాకు దొరికింది, ఇంకొక్కటి నేర్సుకుంటె చాలు.”

“రెండేండ్లకు నాకు అరవై అస్తయి గదరా.”

“అల్కగ పడుతవ్ మరి.”

నర్సయ్యకు పొట్ట ఊగేలా నవ్వు వచ్చింది. ఇత్తడి బిళ్ల దాంతో పాటు ఊగింది.

జీపు వచ్చింది. పెట్టె ఎక్కింది. వాడి ఒంటి మీద ఇసుక ఇంకా ఉంది, దులపబోతే లావణ్య వద్దంది, అట్లే చొక్కా తొడిగింది. ఏడవాల్సిన వాళ్లు ఏడ్చారు కానీ, మధ్యలో కాలు పట్టు గురించి మాట్లాడుకుంటూ ఏడ్చారు. నేను బెల్టు తేలేకపోయానని వాడికి చెప్పుకుందామని దగ్గరికి పోయాను. వాడు నన్ను చూడటమే లేదు. నా తల మీదుగా నర్సయ్యను చూస్తున్నాడు, టైటిల్ పోటీ ముందు మల్లుడు అవతలి మల్లుణ్ని చూసినట్టు.

జీపు కదిలాక కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి అరిచాడు.

“ఓ పహిల్వాన్! నేనొచ్చేదాక సావకు!”

నర్సయ్య రోడ్డు మధ్యకు ఉరికాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, జీపు మలుపు తిరిగేలోపు బదులిచ్చాడు.

“నువ్వు రాంది నేనెట్ల సస్తరా బక్కోడా!”